ఎమర్జెన్సీ! గడియారం సరిగ్గానే నడుస్తోంది

ఆ శనివారం పొద్దున తిలెక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసులో మిగిలిపోయిన ఒక్క పనీ చప్పున ముగించి, కొత్త చొక్కా తొడుక్కుని, మధ్యాహ్నానికల్లా మామగారి డెబ్బయ్యో పుట్టినరోజు విందుకు చేరుకోవడం.

బిష్కెక్‌లో, శీతల గదుల్లో ఏదైనా తేడా వస్తే అరిచే కాపలా పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ వాళ్ళది. ఆ పెట్టెకు గుండెకాయలాంటి కెర్నెల్‌కు కోడు రాసేది తిలెక్. కెర్నెల్ తన లోపల జరిగే ప్రతి సంగతినీ లాగ్‌లో, అంటే తన చిట్టాలో, చెప్పుకుంటూ ఉంటుంది. ఒక్కో కబురుకు ఒక్కో మెట్టు. అట్టడుగున 'డీబగ్', అంటే కోడు రాసేవాడికి తప్ప ఎవరికీ అక్కర్లేని గొణుగుడు. ఆపైన సమాచారం, గమనిక, హెచ్చరిక, లోపం, ఇలా ఎక్కుతూ పోతే అన్నిటికన్నా పైమెట్టు 'ఎమర్జెన్సీ'. ఆ మెట్టు మీది కబురు వస్తే పెట్టె సైరన్ మోగించి, దాన్ని గొంతు చించుకుని చదువుతుంది.

కిందటి వారం పెట్టె కొన్నవాళ్ళెవరి శీతల గదిలోనో కంప్రెసర్ ఆగిపోయింది. ఆ కబురు పాపం 'సమాచారం' మెట్టు మీదే ముడుచుకుని కూర్చుంది. ఎవరూ చూడలేదు. గదిలో మాంసమంతా కంపు కొట్టింది.

"ఒక్కో కబురూ చదువు తిలెక్. దాని బరువెంతో ఆలోచించి మెట్టు మార్చు. తొందరపడకు," అని యజమానురాలు గలీనా అర్కాదియెవ్నా మరీ మరీ చెప్పింది.

చూస్తే కబుర్లు వందల్లో ఉన్నాయి. తిలెక్ రెండు చదివి, మూడోదాని దగ్గర ఆవలించాడు. అన్నింటినీ తలా ఒక మెట్టు పైకి జరిపితే సరిపోదా అనిపించింది. ఆ పని దానంతటదే చేసిపెట్టే చిన్న స్క్రిప్టు రాసి వదిలాడు. అది ఏం మార్చిందో తెరిచి కూడా చూడలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. విందు జరిగే హాలు వంటింట్లో, అక్కడి శీతల గదికి అతను బిగించిన నమూనా పెట్టె ఒకటుంది. మామగారు సగిన్‌బాయ్ జీవితమంతా కొండల మీద గుర్రాలను మేపిన మనిషి. కుర్చీలో కూర్చుని చేసేదీ ఒక పనేనా అని ఆయనకు పెళ్ళినాటి నుంచీ అనుమానం. ఇవాళ బంధువులందరి ముందూ అల్లుడి పనితనం తెలియాలి కదా! తిలెక్ కొత్త కెర్నెల్‌ను ఆ పెట్టెకు నెట్‌లో పంపేసి, చొక్కా మార్చుకుని, మినీబస్సు ఎక్కాడు.

సగం దారిలో భార్య బెగిమై ఫోను చేసింది. వెనక నుంచి సైరన్ హోరు.

"నీ పెట్టె ఎమర్జెన్సీ అంటూ ఒకటే అరుపు! ఏం చెయ్యమంటావు?"

తిలెక్ ఛాతీ ఉప్పొంగింది. "అరుస్తోందంటే నిజంగానే ఏదో అయిందన్నమాట. పొద్దున్నే నేనే సరిచేశా. మాంసమంతా బయట మంచు మీద పెట్టించు. గ్యాస్ కారుతోందేమో చూడమను."

అతనన్నది కంప్రెసర్‌లోని గ్యాస్ గురించి. బెగిమై వంటమనిషితో "గ్యాస్ అట!" అంది. వంటమనిషి పొయ్యిలన్నీ ఆర్పి "గ్యాస్!" అని కేక పెట్టింది. ఆ కేక హాలు చేరేసరికి "పేలిపోతుంది!" అయింది.

తిలెక్ బస్సు దిగేసరికి ముసలివాళ్ళు, పిల్లలు, పాటగాళ్ళు అంతా మంచులో నిలబడి వణుకుతున్నారు. బల్లగుడ్డల మీద గుర్రపు మాంసం, చుచుక్ సాసేజీల దండలు పరిచి ఉన్నాయి. ఒక పిన్నిగారు గరిటె ఝళిపిస్తూ కుక్కలను అదిలిస్తోంది. తిలెక్ పిలిస్తే వచ్చిన గలీనా అర్కాదియెవ్నా, విందుకని వేసుకొచ్చిన పల్చటి చెప్పులతో కాలు మార్చి కాలు మీద నిలబడుతోంది. అగ్నిమాపక బండి కూడా వచ్చేసింది.

దాని నాయకుడు తిలెక్‌ను వెంటబెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. గ్యాస్ వాసన లేదు, పొగ లేదు. పెట్టె మాత్రం ఊపిరి తీసుకోకుండా అరుస్తోంది.

"ఎమర్జెన్సీ! తలుపు తెరుచుకుంది! ఎమర్జెన్సీ! తలుపు మూసుకుంది! ఎమర్జెన్సీ! గడియారం సరిగ్గానే నడుస్తోంది!"

నాయకుడు టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఏమయ్యా, ఇది శుభవార్తా, చావుకబురా?"

తిలెక్‌కు అప్పుడు వెలిగింది. స్క్రిప్టు కిందినుంచి మొదలుపెట్టింది. డీబగ్‌ను సమాచారంలోకి ఎక్కించింది, తర్వాత సమాచారంలో ఉన్నవాటన్నిటినీ, కొత్తగా వచ్చినవాటితో సహా, గమనికలోకి ఎక్కించింది. అలా తోసుకుంటూ పోయి ఊరందరినీ ఒకే మేడ మీద నిలబెట్టింది. పైనుంచి మొదలుపెట్టి ఉంటే ఈ గొడవే లేదు. మార్చినదాన్ని ఒక్కసారి చూసుకున్నా లేదు.

పెట్టె తీగ పీకేశాడు. వెనక్కి తిరిగితే గుమ్మంలో గలీనా అర్కాదియెవ్నా.

"ఒక్కోటీ చదివావా?"

"లేదండీ."

ఆమె వేలెత్తి బయటికి చూపించింది. బయట చలిలో ముడుచుకున్న ముసలివాళ్ళను చూస్తే తిలెక్‌కు భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది. వెళ్ళి మామగారి ముందు తల వంచాడు.

"మామయ్యా, తప్పు నాదే. నేను..."

అతని మాట పూర్తికాకుండానే శీతల గదిలోంచి వంటమనిషి పరుగున వచ్చింది. "అయ్యో, లోపలంతా వెచ్చగా ఉంది! కంప్రెసర్ ఎప్పుడు ఆగిందో ఏమో. మాంసం అక్కడే ఉండి ఉంటే ఈపాటికి పాడయ్యేది!"

నిజమే. ఆ కబురునూ పెట్టె అరిచే ఉంటుంది. తలుపుల గోలలో, గడియారం గోలలో అది ఎవరి చెవినా పడలేదు.

సగిన్‌బాయ్ ఒక్క క్షణం అల్లుణ్ణి ఎగాదిగా చూశాడు. తర్వాత తన పొడవాటి దూది కోటు, చపాన్, విప్పి అతని భుజాల మీద కప్పాడు. "చూశారా! బస్సులో కూర్చునే నా మాంసం కాపాడాడు నా అల్లుడు!"

"కాదు మామయ్యా, అది పొరపాటున..."

"ఎంత అణకువ!" అంది గరిటె పిన్నిగారు. ముసలివాళ్ళు మెచ్చుకోలుగా తలలూపారు. బెగిమై మాత్రం మొగుడి చెవులు ఎర్రబడడం చూసి, ఏదో ఉందని పసిగట్టి, "ఇంటికి రా, మాట్లాడుకుందాం," అంది నెమ్మదిగా.

గలీనా అర్కాదియెవ్నా చెప్పుల్లోంచి మంచు దులుపుకుంటూ అంది: "చపాన్ బాగుంది. సోమవారం దాన్ని తొడుక్కునే రా. కబుర్లన్నీ చదవాలంటే చాలాసేపు కూర్చోవాలి."

ఆ విందంతా తిలెక్ దించిన తల ఎత్తలేదు. అది కూడా వినయం కిందే జమకట్టారు.

ఆనాటి నుంచీ మామగారి వైపు బంధువుల్లో ఎవరి ఫ్రిజ్ మూలిగినా ఫోను తిలెక్‌కే వస్తోంది. ఇంతవరకు వచ్చిన ప్రతి ఫోనూ ఎమర్జెన్సీయే.