నూటికి నూట నాలుగు

మన దేశంలో ప్రతి వందమంది మగపిల్లల్లో నూట నలుగురు బడిలో ఉన్నారు. దీన్ని అద్భుతం అనకపోతే మరేమంటారు?

నవ్వకండి. ఇది నా మాట కాదు. సర్కారువారి తాజా గణాంకాల పుస్తకం, రెండో పట్టిక, చివరి గడి: ప్రాథమిక పాఠశాలల్లో మగపిల్లల నమోదు, నూటికి నూట నాలుగు. వయసు మీరినవాళ్ళనీ, ఒకే తరగతిని రెండేళ్ళు చదివేవాళ్ళనీ కలిపితే అలా వస్తుందని కొందరు మేధావులు సణుగుతున్నారు. ఏది పెరిగినా వాళ్ళకి కడుపుమంటే.

ఎక్కడి నుంచి ఎక్కడికొచ్చామో చూడండి. మా తాతగారి రోజుల్లో నూటికి ముప్ఫై ఎనిమిది. అప్పట్లో మేష్టారే ఇంటింటికీ తిరిగి పిల్లల్ని వెతికి పట్టుకునేవారు. మా తాతగారు అటక మీద గోనెసంచుల వెనక నక్కితే, కాళ్ళు పట్టి దించి, బడిదాకా భుజాన మోసుకెళ్ళారట. ఒక్క శాతం పెంచడానికి ఎంత చాకిరీ! మా నాన్నగారి కాలానికి అరవై అయింది. నా కాలానికి ఎనభై మూడు. నలుగురు పట్టే బెంచీ మీద ఆరుగురం కూర్చుని, తొడపాశాలు పెట్టుకుంటూ, ఒకరి చొక్కా మీద ఒకరు ఇంకు చల్లుకుంటూ చదివాం. ఆ తరం మేష్టార్లు చేసిన పొరపాటు ఏమిటంటే, పేరుతోపాటు పిల్లవాణ్ణి కూడా బళ్ళోకి రానిచ్చారు.

ఇప్పుడు ఆ తంటా లేదు. పేరు చాలు.

పేరు ఎంత బుద్ధిగల విద్యార్థో ఎప్పుడైనా ఆలోచించారా? అల్లరి చేయదు. పలక పగలగొట్టదు. పక్కవాణ్ణి గిల్లదు. దానికి జ్వరం రాదు, మేనమామ పెళ్ళి రాదు. టీచరు గొంతు పోదు, బెంచీ పదికాలాలు మన్నుతుంది. పరీక్ష తప్పే ప్రసక్తే లేదు. తప్పాలన్నా ముందు రాయాలి కదా!

తనిఖీ రోజున మాత్రం కాస్త హడావిడి ఉంటుంది. మా బావమరిది ఓ ప్రాథమిక పాఠశాలకి హెడ్మాస్టరు. చిన్న అబద్ధానికే మాట తడబడే రకం. అలాంటివాడు కూడా అధికారి వస్తున్నారనగానే పక్కపేట బడి నుంచి పదిమందిని ఆటోలో అరువు తెచ్చుకుంటాడు. తర్వాతి తనిఖీ ఆ బళ్ళోనే గనక, అధికారి టీ తాగుతుండగా మరో ఆటోలో తనవాళ్ళని అటు పంపిస్తాడు. కిందటేడు ఆ అధికారి ఒకణ్ణి "నీ పేరేంటి బాబూ?" అని అడిగితే, వాడు లేచి చేతులు కట్టుకుని, "ఏ బళ్ళో పేరు చెప్పమంటారు సార్?" అన్నాడట. అధికారి వాడి వినయాన్ని మెచ్చుకుని సంతకం పెట్టి వెళ్ళారు.

ఇంత చక్కగా సాగుతున్న ఏర్పాటు మీద మొన్న మా వీధి దర్జీ ఆవిడ ఫిర్యాదు పట్టుకొచ్చింది.

ఆవిడ మొగుడితో కలిసి కట్టడం పనులకి ఊళ్ళు తిరిగి తిరిగి, ఈ మధ్యే మా వీధిలో కుట్టుమిషను పెట్టుకుంది. ఎనిమిదేళ్ళ కొడుకు. ఒక్కచోట నిలవడు గనక అందరూ బొంగరం అంటారు. ఊళ్ళు మారడంలో వాడికి చదువు అబ్బలేదు. ఇప్పుడైనా బళ్ళో వేద్దామని కొత్త చొక్కా కుట్టి, తల దువ్వి, మా బావమరిది దగ్గరికి తీసుకెళ్ళింది.

మా బావమరిది బర్త్ సర్టిఫికెట్ నంబరు కంప్యూటర్లో కొట్టాడు. చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"వీడు చదువుతూనే ఉన్నాడు కదమ్మా. మూడో తరగతి. హాజరు నూటికి తొంభై ఆరు. గ్రేడు ఏ," అన్నాడు.

జరిగిందేమిటంటే, మూడేళ్ళ కిందట వీళ్ళు ఓ ఊళ్ళో నాలుగు నెలలున్నారు. అక్కడి టీచరు ఒకాయన గుడిసె దగ్గరికొచ్చి వీడి పేరు రాసుకెళ్ళాడు. ఆ తర్వాత వీళ్ళు ఊరు వదిలారు గానీ, ఊరు ఆ పేరుని వదల్లేదు. అది ఏటా పాసవుతూ వస్తోంది. ఇప్పుడు ఆ బడివాళ్ళు టీసీ ఇస్తే తప్ప ఈ బడిలో చేర్చుకోకూడదు.

ఆవిడ పూటంతా బస్సులో కూర్చుని ఆ ఊరు వెళ్ళింది. అక్కడి హెడ్మాస్టరమ్మ మంచి మనిషి. మంచినీళ్ళిచ్చి, ఉన్నమాట దాచకుండా చెప్పింది.

"మా రిజిస్టర్లో ఇరవైమంది అమ్మా. ఇరవైకి ఒక్కరు తగ్గినా బడి మూసేస్తారు. నిజంగా వచ్చేవాళ్ళు పదకొండు మంది. నీ కొడుక్కి టీసీ ఇస్తే ఈ పదకొండు మందీ వీధిన పడతారు. ఇంకొకడు దొరికేదాకా ఓపిక పట్టు."

గమనించారా? బొంగరం గాడు ఒక్కరోజు గడప తొక్కకుండా ఒక బడిని నిలబెడుతున్నాడు! ఎనిమిదేళ్ళకే ఇంత దేశసేవ చేసినవాళ్ళు ఎందరున్నారు?

ఈ సంగతి విని, పోనీ పేరు లేకుండానే ఓ మూల కూర్చోబెట్టుకోవయ్యా అన్నాను మా బావమరిదితో.

"నా ఉద్యోగం ఊడగొడతావా బావా? పిల్లాడు లేని పేరుంటే ఎవరూ అడగరు. పేరు లేని పిల్లాడు దొరికాడో, మెమో ఇస్తారు," అన్నాడు. ఈసారి మాట తడబడలేదు.

చివరికి ఆవిడ నా దగ్గరికొచ్చింది. "మీరు పేపర్లో రాస్తారు కదా అన్నయ్యా, పైవాళ్ళకి తెలిసేలా ఓ ముక్క రాయండి," అంది. కొడుకు ఆమె పక్కనే నిలబడి, గోడ మీది క్యాలెండర్లో ఒక్కో అక్షరం మీదా వేలుపెట్టి చూస్తున్నాడు. ఏది ఏమిటో వాడికి తెలియదు.

నేను అలవాటు కొద్దీ ఆవిడకి దేశం సాధించిన ప్రగతి వివరించాను. ముప్ఫై ఎనిమిది నుంచి నూట నాలుగు దాకా మెట్టు మెట్టుగా చెప్పి, అందులో నీ కొడుకూ ఒకడమ్మా, గ్రేడు ఏ అని ఓదార్చాను. అంతా ఓపిగ్గా వింది.

"సరే అన్నయ్యా. ఆ మూడో తరగతి వాణ్ణి నాలుగు రోజులు మా ఇంటికి పంపమని రాయండి. వీడికి అ, ఆలు దిద్దించి వెళ్తాడు," అంది.

నా పట్టికలన్నీ తిరగేశాను. సిగ్గేసి, మూసి పక్కన పెట్టాను. అందుకే పెద్దలకు ఈ మనవి. పదకొండు మంది పిల్లలున్నా బడి బడేనని ఓ కాగితం మీద రాసి, ఆ హెడ్మాస్టరమ్మకి పంపండి. ఆవిడ చేతులారా బొంగరం గాడి పేరు కొట్టేస్తుంది, నేను వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఇక్కడ ఒకటో తరగతిలో కూర్చోబెడతాను. నూట నాలుగులోంచి ఒకడు తగ్గాడని దేశం పరువేమీ పోదు. వందకి పైన ఇంకా ముగ్గురు మిగిలే ఉంటారు.