జరేచ్యే బాయిలరూ, మా పత్రికా స్వేచ్ఛా

మాస్కో నగరంలో సంపూర్ణ పత్రికా స్వేచ్ఛ అనుభవిస్తున్న ఏకైక దినపత్రిక మా ‘సూటిమాట’ అని పాఠక మహాశయులకు సవినయంగా తెలియజేసుకుంటున్నాను. ఈ స్వేచ్ఛ కావాలని మేం అడగలేదు. మా యజమాని గ్లెబ్ రొదియోనవిచ్ కుతేయ్నికవ్ గారు పత్రికను కొన్ననాడే దాన్ని ఆజ్ఞాపూర్వకంగా మంజూరు చేశారు. ప్రధాన సంపాదకుణ్ణి కనుక ఆ ఆజ్ఞను అమలు చేసే బాధ్యత నామీద పడింది. ఎంత సమర్థంగా అమలు చేశానో మీరే చూద్దురుగాని.

గ్లెబ్ రొదియోనవిచ్ గారిని ఎరగనివారు మా నగరంలో లేరు. ఎరిగినవారు పైకి మాట్లాడరు. పూర్వం ఆయన గూఢచారి శాఖలో కల్నల్. పడమటి దేశపు రాజధాని ఒకదానిలో వర్తక ప్రతినిధి వేషంలో ఏళ్ళ తరబడి దేశసేవ చేశారు. ఆ సేవ ఏమిటంటే, పొద్దున్నే వీధి చివర దుకాణంలో ఆ ఊరి పత్రికలన్నీ కొని, కత్తెరతో వార్తలు కత్తిరించి, కాగితాలకు అతికించి, మీద ‘అత్యంత రహస్యం’ అని ముద్ర వేసి మాస్కోకు పంపడం. అక్కడ పాలవాడు కూడా చదివి పారేసిన వార్త, ఇక్కడికి వచ్చేసరికి కొద్దిమంది మంత్రులు తప్ప ఇంకెవరూ చూడకూడనిదయ్యేది. తరవాత దేశంలో రాజ్యపద్ధతే మారింది. కల్నల్ గారు బ్యాంకు యజమాని అయ్యారు. అది ఎలా జరిగిందో పరిశోధించి ప్రచురించాలని మా పత్రిక సంకల్పించింది. సంకల్పం ఇప్పటికీ దృఢంగానే ఉంది.

పత్రిక కొన్నరోజున ఆయన మా ఆఫీసుకు వచ్చి, షాంపేను గ్లాసు పట్టుకుని ప్రసంగించారు.

“మిత్రులారా, నా యవ్వనమంతా పరాయి పత్రికలు చదువుతూ గడిపాను. స్వేచ్ఛ అంటే ఏమిటో కత్తెర పట్టుకుని నేర్చుకున్నాను. కనుక నా పత్రికలో నిజం మాత్రమే రావాలి. ఎవరికీ భయపడకండి. అవసరమైతే నా మీద కూడా రాయండి.”

మేం చప్పట్లు కొట్టాం. ఆయన వెళ్ళగానే ఆ ప్రసంగానికి అర్థం ఏమిటో తేల్చడానికి కూర్చున్నాం.

మా ఆఫీసులో ముఖ్యమైన చర్చలన్నీ వాష్‌రూమ్‌లో, కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు మధ్య జరుగుతాయి. ఎవరు వింటారని అడక్కండి. మా నాన్నలూ అలాగే మాట్లాడుకునేవారు, తాతలూ అలాగే మాట్లాడుకునేవారు. ఆనాడు చాటుగా విని ఉండగల మనిషే ఇవాళ మాకు జీతాలిస్తున్నాడు కాబట్టి, కొళాయి ఇంకొంచెం పెద్దగా తిప్పాం.

“‘నా మీద కూడా’ అన్నాడా, ‘అవసరమైతే’ అన్నాడా?” అని అడిగింది కార్యనిర్వాహక కార్యదర్శి నోన్నా ఇగ్నాత్యెవ్నా. ముప్పై ఏళ్ళుగా వాక్యాల్లో అనని మాటలు వినడంలో ఆరితేరిన మనిషి.

“రెండూ అన్నాడు.”

“మరింకేం. అవసరమెప్పుడో ఆయన చెప్తాడు. చెప్పేదాకా అవసరం లేనట్టే.”

ఇంత లోతైన పరిశీలనతో మా స్వేచ్ఛా యుగం మొదలైంది. మంత్రుల మీద రాయలేదు, ఎందుకంటే వాళ్ళు యజమానికి స్నేహితులు కావచ్చు. మంత్రులకు గిట్టనివాళ్ళ మీద రాయలేదు, ఎందుకంటే వాళ్ళు రేపు మంత్రులు కావచ్చు. ధ్రువపు ఎలుగుబంట్ల మీద నిర్భయంగా రాశాం. ఆ ఏడాది నిర్భీకతకు ఇచ్చే బహుమతి మాకే వచ్చింది.

ఇలా సాఫీగా సాగుతున్న కాపురంలో తాయీసియా లుకీనిచ్నా నిప్పులు పోసింది. సరిగ్గా చెప్పాలంటే, నిప్పులు లేవని వార్త తెచ్చింది. తాయీసియా మా దగ్గర ఇళ్ళూ, డ్రైనేజీలూ, లిఫ్టులూ చూసే విలేఖరి. ఒక దురలవాటుంది ఆమెకు. వాక్యం ఎలా ఉంటే అలాగే అర్థం చేసుకుంటుంది. నగర శివారులోని జరేచ్యే పేటలో, అయిదు పెద్ద భవనాలకు వేడి అందించే బాయిలర్‌హౌసును మా యజమాని గారి బ్యాంకు కొన్నదట. ఆ ఇటుకల కట్టడాన్ని బ్యాంకు పెద్దల కోసం ఆవిరి స్నానశాలగా మారుస్తున్నారట. పని ముగిసేదాకా బాయిలర్ ఆర్పేశారట. డిసెంబరు నెల. ఆ భవనాల్లో ఒకదానిలో తాయీసియా తల్లి ఉంటుంది.

“మా అమ్మ కోటు వేసుకుని, ఉన్ని బూట్లతో పడుకుంటోంది, ఇన్నకెంతి సవేల్యెవిచ్,” అంది నాతో, వ్యాసం నా బల్ల మీద పెడుతూ. “పక్కింట్లో చంటిపిల్లని గ్యాస్ పొయ్యి దగ్గర ఉయ్యాలేసి పడుకోబెడుతున్నారు. ఇది రేపు రావాలి.”

చదివాను. ఒళ్ళు జలదరించింది. చలి వల్ల కాదు. మూడో పేరాలో మా బ్యాంకు పేరుంది.

నియమం ప్రకారం వ్యాసాన్ని యజమాని గారికి పంపాను. గంటలోపే ఫోన్ చేశారు. “చదివాను. నాకిది తెలీదు. వేసెయ్యండి,” అన్నారు. కాస్త ఆగి దగ్గి, “ఒక్క అక్షరం కూడా తియ్యొద్దు,” అన్నారు.

కొళాయి తిప్పాం.

“దగ్గు మాటకి ముందా, తరవాతా?” అంది నోన్నా.

“రెండు మాటలకీ మధ్య.”

“అయితే మొదటి మాట కొట్టేసినట్టే. పైగా ‘నాకిది తెలీదు’ అన్నాడు. గూఢచారికి తెలీకపోవడమేమిటి, నీ మొహం. తెలుసు, కానీ తెలీనట్టుండమంటున్నాడు.”

“‘ఒక్క అక్షరం కూడా తియ్యొద్దు’ అన్నాడు కదా?”

“పేపర్లో వేస్తే కదా తియ్యడం. సొరుగులో ఉంటే ఒక్క అక్షరం కూడా పోదు.”

ఈ వాదనకు ఎదురు చెప్పగల బుద్ధి నాకు లేదు, ధైర్యం అసలే లేదు. వ్యాసాన్ని అక్షరం పోకుండా సొరుగులో భద్రపరిచాం. ఖాళీ అయిన స్థలంలో నేనే స్వయంగా ‘చలి — ఆయుర్దాయం’ అనే శాస్త్రీయ వ్యాసం రాశాను. చల్లని గదిలో నిద్రించే జాతులు రక్తపుష్టితో విలసిల్లుతాయని, వెచ్చదనం మనిషిని సోమరిని చేసి ప్రభుత్వానికి బరువు చేస్తుందని నిరూపించాను. రాస్తున్నంతసేపూ కాళ్ళ దగ్గర విద్యుత్ హీటరు పెట్టుకున్నాను. జరేచ్యే నుంచి ఒక పాఠకుడు నా వ్యాసాన్ని వెనక్కి పంపించాడు. దాంతో కిటికీ సందులు మూశాడట, మిగిలిన ముక్క పంపాడు. మా పత్రిక ప్రజలకు ఉపయోగపడుతోందనడానికి ఇంతకన్న రుజువు ఏం కావాలి?

మర్నాడు యజమాని గారే ఊడిపడ్డారు. ముఖం ఎర్రగా ఉంది. ఎదురెళ్ళి కోటు అందుకున్నాను.

“వ్యాసం ఏదీ?”

“భద్రంగా ఉంది, గ్లెబ్ రొదియోనవిచ్ గారూ,” అన్నాను కన్ను గీటుతూ.

“ఆ కన్నేమిటి?”

అంత అద్భుతంగా నటించగలిగిన మనిషిని నేను చూడలేదు. నోన్నా కళ్ళు చెమర్చాయి. అప్పుడు తాయీసియా, ఎవరూ పిలవకుండానే, ముందుకొచ్చింది.

“వీళ్ళు నటన అనుకుంటున్నారండీ. మీరు వెయ్యమంటే వెయ్యొద్దని అర్థమట. మా అమ్మకి చలేస్తోంది. మీరు నిజంగా వెయ్యమన్నారా, లేదా? అదొక్కటీ చెప్పండి చాలు.”

గ్లెబ్ రొదియోనవిచ్ గారు కుర్చీలో కూలబడ్డారు. ఈసారి మాట్లాడింది షాంపేను ప్రసంగంలోని గొంతుతో కాదు.

“నేను పనిచేసిన ఆ పరాయి ఊళ్ళో ఒక ముసలావిడుండేదమ్మా. తన వీధిలో దీపాలు వెలగట్లేదని పేపరుకి రాసింది. పేపరువాళ్ళు వేశారు. వారానికి దీపాలొచ్చాయి. అంతే కథ. నేను ఆ ముక్క కత్తిరించి ఇక్కడికి పంపాను. మావాళ్ళు జవాబిచ్చారు: ఈ ముసలిది ఎవరి మనిషి, దీపాల వెనక ఎవరున్నారు, వెంటనే తెలియజేయి. ఎవరూ లేరని రాస్తే నా ఉద్యోగం పోతుంది. ఏదో కట్టుకథ అల్లి పంపాను, పతకమిచ్చారు. ఆ పతకం చూసినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. ఆ ముసలావిణ్ణి తలుచుకుంటే అసూయగా ఉండేది. అలాంటి పేపరొకటి మనకీ ఉండాలనే ఇది కొన్నాను.”

చెప్పి ఊరుకోలేదు. అచ్చుయంత్రం పక్కన కుర్చీ వేసుకుని, మొదటి ప్రతి చేతికొచ్చేదాకా కదలలేదు. ఈవిధంగా మా పత్రికా స్వేచ్ఛ యజమాని స్వయం పర్యవేక్షణలో, నిర్బంధంగా, అచ్చయింది.

పేపరు బజారులోకి వెళ్ళింది. మాస్కో అంతా ఒక్కసారిగా మేలుకుంది. ఎవరూ జరేచ్యే గురించి అడగలేదు. అందరూ అడిగింది ఒకటే: దీన్ని రాయించిందెవరు? కుతేయ్నికవ్ సొంత పేపరే ఆయన్ని తిట్టిందంటే ఆయన పని అయిపోయిందన్నమాట అని బ్యాంకులో డబ్బు దాచుకున్నవాళ్ళు తెల్లవారకముందే తలుపుల దగ్గర క్యూ కట్టారు. పోటీ బ్యాంకు యజమాని, ఎంత తెలివైన ఎత్తు వేశారంటూ, ఆ ఎత్తేమిటో తనకు తెలియకపోయినా పూలగుత్తి పంపించాడు. ఒక మంత్రిగారు తాను ఏ తప్పూ చేయలేదని ముందుగానే ప్రకటన విడుదల చేశారు. టీవీలో రాజకీయ పండితుడొకాయన ‘బాయిలర్’ అంటే ఎవరో అర్ధగంటసేపు వివరించాడు. వ్యాసంలో చలి ఉందన్న సంగతి ఏ ఒక్కరూ గమనించలేదు.

బాయిలర్ మాత్రం వెలగలేదు. బ్యాంకు ఆస్తుల వ్యవహారాలు చూసే జబేలిన్ అనే మేనేజరుకు యజమాని గారు మా ఆఫీసు నుంచే, మా అందరి ముందే, ఫోన్ చేశారు.

“జబేలిన్, జరేచ్యే బాయిలర్ ఇవాళే వెలిగించు.”

“అర్థమైందండి,” అన్నాడు జబేలిన్. సాయంత్రానికల్లా మనుషుల్ని పెట్టి గొట్టాలు కూడా ఊడదీయించాడు.

యజమాని గారు సంతకం చేసి, ముద్ర వేసి, లిఖితపూర్వకంగా ఉత్తర్వు పంపారు. జబేలిన్ దాన్ని చదివి మరీ కంగారుపడ్డాడట. సంతకంతో సహా రాశారంటే ఎవరికో చూపించడానికే రాశారు, అసలు ఉద్దేశం గట్టిగా ఆపమనే అని, బాయిలర్‌హౌసుకు రెండో తాళం వేయించాడు. జబేలిన్‌ను నేను తప్పుపట్టలేను. అతని స్థానంలో నేనుంటే మూడో తాళం వేసేవాణ్ణి.

ఈలోపు జరేచ్యేలో చంటిపిల్లకు జ్వరమొచ్చిందని తాయీసియా చెప్పింది. ఆమె గొంతులో కోపం కూడా అయిపోయింది. “మీరందరూ చదువుకున్నవాళ్ళు కదండీ,” అంది నాతో, అంతే. నాకు సిగ్గేసింది. సిగ్గుపడటంలో మా తరం పత్రికా రచయితలు ఎవరికీ తీసిపోరు. అది అయ్యాక టీ తాగుతాం.

గ్లెబ్ రొదియోనవిచ్ గారు ఆమె మాట విన్నారు. లేచారు. మా వాష్‌రూమ్‌లోకి నడిచారు. నన్నూ రమ్మన్నట్టు చూశారు. కొళాయి పూర్తిగా తిప్పారు. జేబులోంచి ఫోన్ తీసి, పెదవులు కదలకుండా మాట్లాడే ఆ పాత విద్యను ఎన్నో ఏళ్ళ తరవాత బయటికి తీశారు.

“జబేలిన్. నేను నీకు ఫోన్ చెయ్యలేదు.”

“చిత్తం.”

“జరేచ్యే గురించి మనం ఎప్పుడూ అనుకోలేదు.”

“లేదండి.”

“అక్కడ వెచ్చగా ఉందా, చల్లగా ఉందా, అన్నది నాకు అనవసరం. అర్థమైందా?”

ఇన్నాళ్ళకి మనిషిలా మాట్లాడే యజమాని దొరికాడన్న ఆనందం జబేలిన్ గొంతులో పొంగింది. “ఇప్పుడర్థమైందండి, గ్లెబ్ రొదియోనవిచ్.”

ఆయన కొళాయి కట్టేసి, అద్దంలో తనను తాను చూసుకున్నారు. పతకం ఇచ్చిన రోజున ఎలా ఉన్నారో నేను చూడలేదు గానీ, అలాగే ఉండి ఉంటారు. నాకు ఆయన మీద జాలేసింది. జీతమిచ్చే మనిషి మీద జాలిపడటం అలవాటు లేని పని కనుక, ఏం చేయాలో తోచక తువ్వాలు అందించాను.

గొట్టాలు తిరిగి బిగించారు. తాళాలు పగలగొట్టారు. చీకటి పడకముందే అయిదు భవనాల్లోనూ గదులు వేడిచేసే రేడియేటర్లు కాలిపోయేంతగా వేడెక్కాయి. చంటిపిల్లను పొయ్యి దగ్గర్నుంచి గదిలోకి మార్చారు. బ్యాంకు పెద్దలకు స్నానశాల లేకుండా పోయింది. ఆ లోటును వాళ్ళు దేశం కోసం భరిస్తున్నారు.

తాయీసియా తల్లి మా ఆఫీసుకే ఫోన్ చేసింది. అందరూ వినాలని తాయీసియా స్పీకరు నొక్కింది. ఆమె ముఖం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. యజమాని గారు కూడా అక్కడే ఉన్నారు. కుర్చీ దగ్గరికి లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బహుమతి కోసం పిలిచిన బడిపిల్లాడిలా కూర్చున్నారు.

“తాయా, వేడొచ్చిందే,” అంది ఆ తల్లి. “కిటికీ తెరిచి కూచున్నా, నమ్ముతావా. నీ వ్యాసం అందరం చదువుకున్నాం. మెట్ల దగ్గర అంటించారు. బాగా రాశావు తల్లీ. ఇంతకీ, ఎవరు రాయించారే?”

“ఎవరూ రాయించలేదమ్మా. నీకు చలేస్తోందని నేనే రాశాను.”

అవతల ముసలావిడ గొంతు బాగా తగ్గించి, కూతురి తెలివికి మురిసిపోతూ అంది:

“సరే సరే. ఫోన్లో చెప్పకులే. ఇంటికొచ్చాక చెబుదువుగాని.”

తాయీసియా మా వైపు చూసింది. యజమాని గారు తల దించుకున్నారు. నోన్నా మాత్రం మెచ్చుకోలుగా తలాడించింది. నేనూ ఆడించాను.