ఎర్ర బల్బు, తొమ్మిది దగ్గులు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై ఏడో ఏట. ఒత్తులు పడాల్సిన చోట పడకపోతే తప్పు నాదే, కోపం తెచ్చుకోకండి. రోజుకు అరపేజీ మించి నా చెయ్యి సాగదు. ఈ కాస్త రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. జరిగింది మాత్రం ఒక్క మధ్యాహ్నమే.

మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఇంటికి వచ్చిన ప్రతి కాగితం ఆయనే చదివి చెప్పేవారు. ఆయన పోయాక ఆ పని కోడలి మీద పడింది. నాలుగు నెలలు ఓపిగ్గా చదివి, అయిదో నెల పలక కొనుక్కొచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అత్తయ్యా, ఇక మీ ఉత్తరాలు మీరే చదువుకోండి" అంది.

కోడలు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. అక్కడ పొద్దస్తమానం అందర్నీ నోరు తెరవమంటుంది. ఇంటికొచ్చి మావాణ్ణి నోరు మూయమంటుంది.

మావాడి బతుకే నోటి మీద నడుస్తోంది మరి. ఆఫీసు ఉద్యోగం మానేసి, ఇంట్లో కూర్చుని గొంతు అమ్ముకుంటున్నాడు. మీరు ఏ కంపెనీకైనా ఫోన్ చేస్తే "మీ కాల్ మాకు చాలా ముఖ్యం, దయచేసి లైన్‌లో ఉండండి" అని ఒక గొంతు బతిమాలుతుంది చూడండి, అలాంటి గొంతు. కోడలు వాణ్ణి "గొంతుగారు" అంటుంది. ప్రేమగా ఉన్నప్పుడు కూడా అదే అంటుంది కాబట్టి, ఎప్పుడు ప్రేమో ఎప్పుడు కోపమో వాడికి ఇంతవరకూ తెలియలేదు.

ఉద్యోగం మానేసిన రోజున ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ఆరు నెలల్లో నిలకడగా పనిచ్చే కంపెనీ ఒక్కటైనా దొరకాలి. దొరక్కపోతే పాత ఆఫీసుకు వెళ్ళి, పాత మేనేజరు ముందు నిలబడి, పాత కుర్చీ అడగాలి. ఆ మేనేజరు మాట్లాడినంత సేపూ పెన్నుతో ఎదుటివాడి భుజం మీద పొడుస్తాడట. ఇప్పటికీ ఎవరైనా పెన్ను తీస్తే మావాడు ఒక అడుగు వెనక్కి వేస్తాడు.

ఈ కథ జరిగేనాటికి అయిదు నెలల మూడు వారాలు అయిపోయాయి.

వాడి ఆఫీసు మా దుప్పట్ల గది. గోడలకు దుప్పట్లు వేలాడదీస్తే గొంతు గింగురుమనదట. మిగిలిన దుప్పట్లు మూల గుట్టగా ఉంటాయి. వాడు చదివి పారేసిన కాగితాలే నాకు పాఠాలు. తలుపు బయట పీట వేసుకుని, వాడు లోపల చదువుతుంటే నేను బయట అక్షరాల కింద వేలు జరుపుకుంటూ పోయేదాన్ని. అందుకని కోడలు నాకు వేలమ్మ అని పేరు పెట్టింది.

ఒకరోజు మావాడు ఆ తలుపు మీద ఎర్ర బల్బు బిగించాడు.

"ఇదేంటండీ, లోపల ఆపరేషన్ చేస్తారా?" అంది కోడలు.

"రికార్డింగ్. ఇది వెలిగినంత సేపూ ఎవరూ పిలవకూడదు, మిక్సీ వెయ్యకూడదు, తలుపు తట్టకూడదు."

"తుమ్మొస్తే?"

"బాల్కనీలోకి వెళ్ళి తుమ్ము."

"ఇల్లు అంటుకుంటే?"

"కాగితం మీద రాసి తలుపు కిందనుంచి తొయ్యి."

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారం నుంచి బల్బుకు తెలివి వచ్చింది. ఉతికిన బట్టలు ఆరేసే వేళకు వెలిగేది. మంచినీళ్ళ క్యాను మోసే వేళకు వెలిగేది. కోడలి వాళ్ళ అమ్మ ఫోన్ చేస్తే మరీ ఎర్రగా వెలిగేది.

"మీ గొంతుకంటే మీ బల్బుకే పని ఎక్కువున్నట్టుంది. లోపలినుంచి చప్పుడే లేదేం?" అని నిలదీసింది కోడలు.

"మనసులో చదువుకుంటున్నానే. రిహార్సల్."

"మనసులో చదివేదానికి మేం బాల్కనీలో తుమ్మాలా?"

మర్నాటి నుంచి గొంతు వినపడసాగింది. ఆగకుండా, అలుపు లేకుండా, గంటకు పైగా! కోడలి మనసు కరిగింది. "పాపం, నేనే అనవసరంగా అన్నాను అత్తయ్యా" అని, వాడు బయటికి వచ్చేసరికి కాఫీ కలిపి పెట్టేది.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. పరుపులు అమ్మే కంపెనీ ఒకటి వాడి గొంతు విని చూస్తామంది. నచ్చితే ఏడాది పొడుగునా పని. వాళ్ళ మేడమ్ సరిగ్గా మూడింటికి కంప్యూటరులోకి వచ్చి వింటుంది. వాడు రెండున్నరకే గది చేరి బల్బు వెలిగించాడు. కోడలు ఒక పూట సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది, తడిబట్టల బకెట్టు ముందేసుకుని.

నేను పీట మీద కూర్చుని పరుపుల కాగితం తీశాను. లోపల గొంతు మొదలైంది. మూడు నిమిషాల పాఠం. "మెత్తటి నిద్రకు స్వాగతం" దగ్గర మొదలై, దూది గురించీ స్ప్రింగుల గురించీ చెప్పి, లైన్‌లో ఉండమని ముగుస్తుంది. అయిపోగానే మళ్ళీ మొదటికొచ్చాడు. నాలుగోసారికి నా వేలు వాడి గొంతుతో సమానంగా పరిగెత్తింది. చదువు వచ్చేసిందని పొంగిపోయాను.

అప్పుడు పట్టుకున్నాను దగ్గును. "మీ కాల్ మాకు చాలా" దగ్గర చిన్న దగ్గు, ఆ తర్వాత "ముఖ్యం." అయిదోసారీ అక్కడే. ఆరోసారీ అక్కడే. ఇంకా పదిసార్లు విన్నాను. నా వేలు "చాలా" మీదికి వచ్చేసరికి దగ్గు తయారుగా ఉంటోంది. నాకు చదువు రాలేదు, కంఠతా వచ్చింది.

"అమ్మాయ్, మనిషికి ప్రతిసారీ ఒకే మాట మీద దగ్గొస్తుందా?" అని కోడలిని గుసగుసగా పిలిచాను.

ఆమె బకెట్టు వదిలేసి వచ్చి రెండు దగ్గులు నిలబడి వింది. మొహం రంగు మారింది.

"రికార్డు పెట్టి పడుకున్నారు అత్తయ్యా! టైమెంతయిందో చూశారా? మూడున్నర కావస్తోంది! ఆ మేడమ్ వచ్చి వెళ్ళిపోయే ఉంటుంది!" అని తలుపు మీద చెయ్యి వేసింది.

"ఆగు, బల్బు వెలుగుతోంది" అన్నాను. నాకు నియమమంటే నియమమే. కాగితం వెనక్కి తిప్పి, పెన్సిలు పట్టుకుని, నా జీవితంలో మొదటి ఉత్తరం రాశాను. "ఒరేయ్ లే." తలుపు కిందనుంచి తోశాను. జవాబు రాలేదు.

కోడలు తలుపు తీసేసింది.

దుప్పట్ల గుట్ట మీద మావాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పక్కన స్పీకరు "దయచేసి" అంటోంది. ఎదురుగా మైకు దాన్ని శ్రద్ధగా వింటోంది. ఆ గదిలో పనిచేస్తున్నవి అవి రెండే.

"గొంతుగారూ! లేవండి! పెన్ను పోట్లు మర్చిపోయారా? రేపు వెళ్ళి మీ మేనేజరుకు భుజం చూపించండి! నేనిక్కడ మీ చొక్కాలు పిండుతుంటే మీరు మెత్తటి నిద్రకు స్వాగతం చెబుతారా?"

"కొంచెం మెల్లగా అమ్మా, ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని ఉన్నాను" అంది కంప్యూటరు.

తిరిగి చూస్తే తెర మీద కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ. చేతిలో కాఫీ కప్పు ఖాళీ అయిపోయింది.

"మూడింటికే వచ్చాను. మీ ఆయన లైన్‌లో ఉండమన్నారు. ఉన్నాను."

తర్వాత వాడే ఒప్పుకున్నాడు. కంప్యూటరులో ముందే చేరిపోయి, ఇంకా అరగంట ఉంది కదా అని, కోడలు బట్టలు ఆరెయ్యమనకుండా రోజూలాగే రికార్డు పెట్టి నడుం వాల్చాడట. ఇప్పుడు చెంప మీద దుప్పటి పువ్వుల అచ్చుతో లేచి నిలబడ్డాడు. స్పీకరు ఆపే బటన్ దొరకలేదు.

"మేడమ్... అంటే... లైన్‌లో చిన్న..."

"మీ కాల్ మాకు చాలా..." అని స్పీకరు దగ్గింది.

"తొమ్మిది" అంది మేడమ్. "మూడో దగ్గుకే రికార్డని తెలిసింది."

"మరి కాల్ పెట్టెయ్యలేదేమండీ?" అంది కోడలు.

"పెట్టేద్దామని చెయ్యి వేసినప్పుడల్లా 'దయచేసి' అన్నాడమ్మా. అంత మర్యాదగా అడిగితే ఎలా పెట్టేస్తాం? మా కస్టమర్లు ఒకటిన్నర నిమిషంలో పెట్టేస్తున్నారు. నేను అరగంట కూర్చున్నాను, అదీ మా సొంత పరుపుల గురించి. ఇంతకీ ఆయన పడుకున్నది మా పరుపు మీదేనా?"

"కాదండీ, పాత దుప్పట్లు."

"అయితే ఆ మాట బయట చెప్పకండి. రేపు మెలకువగా ఉండి మళ్ళీ చదివి పంపమనండి. ఏడాది పని ఇస్తాను. ఇందాక తలుపు బయట మాటలు వినపడ్డాయి, ఆ దగ్గును పట్టుకున్నదెవరు?"

కోడలు నన్ను ముందుకు తోసి, నా వేలి చదువు సంగతి చెప్పింది.

"అమ్మగారూ, ప్రతి రికార్డూ మీరు వేలు పెట్టి విని, సరే అంటేనే నాకు రావాలి" అంది మేడమ్.

మావాడు ఆనందం పట్టలేకపోయాడు. "చూశావా, ఆరు నెలలు నిండకముందే!" అన్నాడు.

"చూశాను. ఒప్పందం నిలబెట్టారు. ఆ బల్బు ఊడదీయండి."

"ఎందుకు?"

"అది పనిచేసేవాళ్ళ గుమ్మం మీద ఉండాలి. మీ గొంతును అత్తయ్య విని చూడాలంటే ఇల్లు నిశ్శబ్దంగా ఉండొద్దూ? అదిగో బకెట్టు. చప్పుడు చెయ్యకుండా ఆరెయ్యండి."

వాడే బిగించాడు, వాడి చేత్తో, నా గది తలుపు మీద. స్విచ్చి నా మంచం పక్కన.

నిజం చెప్పాలంటే, వాడి రికార్డు వినడానికి పది నిమిషాలు చాలు. బల్బు మాత్రం రెండు గంటలు వెలుగుతోంది. మిగతా సేపు నేనేం చేస్తున్నానో మీరు చదువుతూనే ఉన్నారు.

ఇప్పుడే తలుపు కిందనుంచి ఒక కాగితం జారి వచ్చింది. "అమ్మా, బట్టలు ఆరేశాను. గిన్నెలు తోమాను. ఇంకెంతసేపు?" అని ఉంది. ఒక్క అక్షరం తడబడకుండా చదివాను. జవాబు రాయలేదు. నా మొదటి ఉత్తరానికి వాడు రాశాడా?

ఇట్లు,
వేలమ్మ,
వయసు అరవై ఎనిమిది,
ప్రస్తుతం ఉండేది ఎర్ర బల్బు గదిలో.