మూయడానికి నొక్కితే చాలు

“ఒకవేళ ఎవరూ రాకపోతే?” అంది ఆవిడ, పళ్ళెంలో బిస్కెట్లు పేరుస్తూ.

“మనిద్దరం తిందాం,” అన్నాడు భర్త, గడపలో కూర్చుని తలుపుకు మర బిగిస్తూ.

“ఒకవేళ వచ్చి, వెంటనే వెళ్ళిపోతే?”

“మిగిలినవి తిందాం.”

“మీకు తిండి గోల తప్ప పిల్ల గోల పట్టదు కదా!”

వీధిలో ఆవిడను చాటుగా ఒకవేళమ్మ అనేవారు. ఆవిడ నోట ఏ మాటైనా ‘ఒకవేళ’ లేకుండా బయల్దేరదు. మబ్బు పడితే వరద, పిల్ల తుమ్మితే ఆసుపత్రి, ఫోను మోగితే చావు కబురు. అలాంటి మనిషికి తాళాలు బాగుచేసే మొగుణ్ణి దేవుడు చూసే ముడిపెట్టాడు. ఆ తలుపుకు అప్పటికే నాలుగు తాళాలు. దొంగ వచ్చినా మూడోదాని దగ్గరే నీరసించి మంచినీళ్ళు అడిగి పోతాడని ఆయన ధీమా.

కొత్తరకం తాళం ఏది వచ్చినా ఆయన ముందు సొంత తలుపుకే బిగించి చూస్తాడు. ఆ రోజు బిగించింది అయిదోది. మూయడానికి నొక్కితే చాలు. తీయడానికి మాత్రం లోపలినుంచైనా సరే చెవి పెట్టి తిప్పాల్సిందే.

“దీని జోలికి పోకు. చెవి నా దగ్గరుంటుంది,” అన్నాడు.

“ఇంకో చెవి లేదూ?”

ఆయన దగ్గాడు. “లేదు,” అన్నాడు. పెళ్ళినాటి నుంచీ ఆయన దగ్గి చెప్పిన మాటల్లో నిజం ఒక్కటీ లేదు. కానీ ఆ రోజు ఆవిడ చెవులు వీధి గేటు దగ్గరున్నాయి. ఎవరిదో బీరువా తెరుచుకోవడం లేదంటే ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

కూతురికి స్నేహితులు వస్తున్నారంటే ఇంత హడావిడి ఎందుకంటే, ఆ ఇంటి మెట్లు ఒక స్నేహితురాలు ఎక్కి చాలా కాలమైంది. అంతకుముందు ఒక రింగుల జుట్టు పిల్ల ఉండేది. రోజూ వచ్చేది. ఒక సాయంత్రం ఆ పిల్ల ఫోన్ చేసినప్పుడు కూతురు స్నానం చేస్తోంది. తల్లి ఎత్తింది. ఎత్తింది ఎవరో కూడా చూసుకోకుండా ఆ పిల్ల ఏడుస్తూ, చదువు మానేశాననీ, ఇంట్లో తెలియదనీ చెప్పేసింది. ఒకవేళ ఏ నుయ్యో గొయ్యో చూసుకుంటే? చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ళింటికి పరిగెత్తి, వాళ్ళమ్మకు ఊదేసింది. ఆ పిల్ల ఏ నుయ్యీ చూసుకోలేదు. ఇటు చూడటం మాత్రం మానేసింది.

కూతురు తల్లిని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అన్నం పెట్టు, వస్తాను, తలుపేసుకో. అప్పటి నుంచీ ఆ మూడు మాటలే. ఒకవేళ ఆ పిల్లకు నిజంగా ఏదైనా అయి ఉంటేనో అని తల్లి ఎన్నోసార్లు తనకు తాను సర్దిచెప్పుకుంది. సర్దిన ప్రతిసారీ ఒక మూల బయటికి పొడుచుకొచ్చేది.

ఇప్పుడు కళ్ళద్దాల దుకాణంలో పనికి చేరాక ఇద్దరు దొరికారు. గిరాకీ లేని వేళ ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటారట. అడిగినదానికి నిజమే చెప్పాలట. సెలవు రోజున ఆ ఆట ఇంట్లో.

వచ్చారు. బిల్లులు రాసే పిల్ల గలగలా మాట్లాడుతూనే చెప్పులు విప్పింది. అద్దాలు అరగదీసే పిల్ల మూగనోము పట్టినట్టు గోడవార కూర్చుంది. ఆవిడ తలుపు వేసింది. ఒకవేళ టీ కాకుండానే లేచిపోతే? చుట్టూ చూసి, అయిదో తాళం మెల్లగా నొక్కింది.

వంటింట్లోనే ఉండాలనుకుంది. ఉండలేకపోయింది.

“చిన్నప్పుడు నువ్వు చెప్పిన మొదటి అబద్ధం ఏది?” అని కూతురు అడుగుతోంది. ఇదేం ప్రశ్న, పనికొచ్చేది అడగాలి గానీ అనుకుంటూ తల్లి టీ ట్రేతో మధ్యలోకి వచ్చి కూర్చుంది.

“అమ్మాయ్, నీ బ్లడ్ గ్రూపేమిటి?” అని అడిగింది.

గలగల పిల్ల బిస్కెట్టు కింద పెట్టింది. “తెలీదాంటీ.”

“అయ్యో! మరి మీ మేడకు పిట్టగోడ ఉందా? ఇంట్లో నిప్పంటుకుంటే ముందు ఏది పట్టుకుని పరిగెడతావు?”

“మా అక్క చీర. అక్కని కాదాంటీ, చీరనే! ఇప్పుడు నా వంతు. మీరు భయపడకుండా చేసిన పని ఏదైనా ఉందా?”

ఆవిడ నిజాయితీగా ఆలోచించింది. “పెళ్ళమ్మా. అప్పుడు తెలియలేదు.”

అందరూ నవ్వారు. మూగనోము పిల్ల కూడా. తల్లికి ఏనుగెక్కినంత సంతోషం. అంతలో గలగల పిల్ల కూతురి వైపు తిరిగి, “మాకంటే ముందు నీకు బాగా దగ్గరైన స్నేహితురాలు ఎవరే?” అంది.

కూతురు తల్లి వైపు చూడకుండా, “ఉండేది,” అంది.

ఆ ఒక్క మాటకు తల్లి ట్రేతో సహా దిగ్గున లేచింది. కప్పు జారి టీ మొత్తం గలగల పిల్ల ఒళ్ళో పడింది. తరవాత ఆవిడే అగ్నిమాపక దళమైంది. బిందెడు నీళ్ళు, ముందు ఒంటికి, పిమ్మట సోఫాకు. తువ్వాలు, కాలిన గాయాల మందు, అది తడిసిన జుట్టుకు.

“కాల్లేదాంటీ! టీ చల్లారిపోయిందాంటీ!”

“ఒకవేళ లోపల కాలితే?”

ఇద్దరూ లేచారు. “మళ్ళీ వస్తాం,” అన్నారు, మళ్ళీ రానివాళ్ళు అనేటట్టు. నాలుగు తాళాలు తీశారు. తలుపు కదల్లేదు.

“నేనే నొక్కాను,” అంది తల్లి, గోడకు చెబుతున్నట్టు. “టీ అయ్యేదాకా ఉంటారని.”

భర్తకు ఫోన్ చేసింది. “నేనిప్పుడు బీరువా లోపల ఉన్నానే!” అన్నాడు ఆయన.

“మిమ్మల్ని ఎవరు దూరమన్నారు?”

“వెనక రేకు విప్పి దూరాను, దీని తాళం లోపలినుంచే తీయాలి. కాసేపు ఆగు.”

గలగల పిల్ల జడపిన్నుతో పొడిచింది. పిన్ను వంగింది. అందరూ మళ్ళీ చతికిలబడ్డారు.

కూతురు కళ్ళు నేలకేసే ఉన్నాయి. ఈ స్నేహం కూడా పాడుచేశాను అనుకుంది తల్లి. తన కూతురు ఈ ఇద్దరి గురించి ఇంట్లో చెప్పడానికే ఎన్నాళ్ళు జంకిందో!

“ఆలస్యమవుతుందని మీ ఇళ్ళకు నేనే చెబుతాను. తప్పు నాదే కదా,” అంది.

గలగల పిల్ల అప్పటికే వాళ్ళ నాన్నకు, అక్కకు, పక్కింటివాళ్ళకు చెప్పేసింది. తల్లి రెండో పిల్ల వైపు తిరిగింది. “మీ ఇంటికి?”

“అక్కర్లేదాంటీ. ఒక్కదాన్నే ఉంటాను.”

“అలా ఎలా? ఒకవేళ నీకేదైనా అయితే, ముందు ఎవరికి ఫోన్ చేస్తావు?”

పిట్టగోడ గురించి అడిగినట్టే అడిగింది. ఆ పిల్ల ఫోనులో పేర్లు పైకీ కిందికీ జరిపి, ఎక్కడా ఆగకుండా ఫోను బోర్లించింది.

నాకు చెయ్యమ్మా. ఆ మాట తల్లి నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే కూతురు ఆ పిల్ల పక్కకు జరిగింది. వంగినప్పుడు మెడలో గొలుసు బయటికి జారింది. దాని చివర కొత్తగా మెరుస్తున్న తాళంచెవి. మొగుడి దగ్గు సంగతి ఇప్పుడర్థమైంది. కూతురు ఎప్పుడో తలుపు తీయగలిగేదే. తీయలేదు. వాళ్ళు ఉండాలని కోరుకున్నది ఈ ఇంట్లో తానొక్కతే కాదు.

తల్లి చూసిందని కూతురు చూసింది.

ఆవిడ పెదాలు నొక్కిపట్టింది. రింగుల జుట్టు పిల్ల ఫోను చేసిన రోజు కూడా నోరు ఇలాగే మూసుకుని ఉంటే! మూయడానికి నొక్కితే చాలని తెలియడానికి ఇన్నాళ్ళు పట్టింది. నాలుక చివరి మాటను మింగింది.



“నాకు చెయ్యి,” అంది కూతురు ఆ పిల్లతో, తల్లి వైపే చూస్తూ. “ఫోను నేనే ఎత్తుతాను.”