కురుమూర్తి హోటల్లో వాక్స్వాతంత్ర్యం

అబద్ధానికి హద్దు పెట్టకూడదు! పెడితే ధరూర్ బస్టాండులో కురుమూర్తి హోటల్ ఏమైపోవాలి? ఆయన చాయ్‌లో పాలు తక్కువే. జనం వచ్చేది వార్తల కోసం. రేడియోలో ఇంకా రానివి, ఎప్పటికీ రాబోనివి కూడా అక్కడ వేడివేడిగా దొరికేవి.

ఎనభై ఏడులో ఒక పొద్దున నర్సు అమృతమ్మ ఆ హోటల్ ముందు ఆగింది. "జర మిర్చి బజ్జీల మీద మూత పెట్టు కురుమూర్తన్నా, ఈగలు ముసురుతున్నయ్" అంది.

అంతమంది గిరాకీల ముందు! ఒక పౌరుడికి ఇంతకన్నా అవమానం ఉంటుందా? ఆమె అటు వెళ్లగానే కురుమూర్తి తన వాక్స్వాతంత్ర్యాన్ని వాడుకున్నాడు.

"ఆమె పోరగాండ్లకు ఏసే సూది ఉన్నది సూడు, గది ఏసుకుంటే పెద్దయినంక పిల్లలు పుట్టరట!"

"ఎవలు చెప్పిన్రు?" అన్నాడు పత్తిరైతు ఎల్లయ్య.

"ఎవలో ఎందుకు? నేను చెప్తలేనా?"

ఇంకేం రుజువు కావాలి? పొద్దుగూకేసరికి ఆ మాట చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగొచ్చింది, బస్సు టికెట్టయినా కొనకుండా! తర్వాత అమృతమ్మ మందుల డబ్బా పట్టుకుని వస్తే తల్లులు తలుపులు వేసుకున్నారు. ఒక ఇంట్లో కుక్కను వదిలారు. డబ్బా మూత తీయకుండానే ఆమె తిరిగి వెళ్లింది.

చలికాలంలో కోరింత దగ్గు దిగింది. కురుమూర్తి మనుమరాలు, ఏడాది నిండని పసిది, దగ్గి దగ్గి నీలంగా మారిపోయింది. గద్వాల దవాఖానలో డాక్టరు సూది వేయించారా అని అడిగాడు. కురుమూర్తి కోడలు పుష్ప మీద విరుచుకుపడ్డాడు. "ఎందుకు ఏపియ్యలే?"

పుష్ప కళ్లు తుడుచుకోలేదు. "నువ్వే గద మామా, పిల్లలు పుట్టరంటివి."

"గది హోటల్ల మాటనే! ఇంట్ల మాట గాదు!"

పిల్ల బతికింది, పుల్లలా ఎండిపోయి. కురుమూర్తి తిరిగొచ్చి, హోటల్ పెట్టిన తర్వాత మొదటిసారిగా, ఒక నిజం చెప్పాడు. "సూదితోని ఏం గాదు. పోరగాండ్లకు ఏపియ్యుండ్రి."

ఎల్లయ్య గ్లాసు దించాడు. "నర్సమ్మ నీకేమిచ్చింది కురుమూర్తీ?"

అందరూ పగలబడి నవ్వారు. కురుమూర్తి ముఖం కందిపోయింది. "నోటికొచ్చినట్ల అనుడేనా? మనిషి మాటకు ఒక హద్దుండొద్దా?"

చాలా లోతైన ప్రశ్న! పొయ్యి ఆరేదాకా దాని మీద చర్చ నడిచింది. ఉండకూడదనే తేల్చారు.

ఎల్లయ్య ఇంటికి వెళ్లేసరికి ఆయన చిన్నకూతురు దగ్గుతోంది.