రాక్షసబల్లి నోట్లో గులాబీ వాసన

రండి, రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ వెనకాల గుసగుసలాడేవాళ్లు ముందు ఆ గుసగుసల్ని మింగేయండి. ఇది ఒక నోటి కథ. మీ నోళ్లు మూతపడితేగానీ దాని నోరు తెరుచుకోదు.

ఒక పిల్లల మ్యూజియంలో ఒక కాపలాదారు ఉండేవాడు. అందరూ అతన్ని అనుమానాల మామయ్య అనేవారు. గడియారం పన్నెండు కొడితే, పదమూడోది ఎవరు నొక్కేశారా అని వెతికే రకం. తాళం వేసి లాగి చూసేవాడు. నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్లీ లాగేవాడు.

ఆ పొద్దున అతని పని చిన్నదే. ముందురోజు సాయంత్రం పనివాళ్లు హాల్లో ఒక మాంసాహార రాక్షసబల్లి అస్థిపంజరం నమూనా బిగించి, గుడ్డ కప్పి వెళ్లారు. ఆ గుడ్డ తీయాలి, తలుపులు తెరవాలి, అంతే. బడిపిల్లలకు దాని సంగతులు చెప్పబోయేది అతని సొంత కోడలే. కొత్తగా చేరింది. ఇవాళ చెప్పేది మ్యూజియం పెద్దసారుకు నచ్చితే ఉద్యోగం ఉంటుంది, నచ్చకపోతే ఊడుతుంది.

మామయ్య గుడ్డ లాగాడు. అరచేతులంత పళ్ల వరసలో, సరిగ్గా ముందువైపు, ఒక పన్ను లేదు! ఆ సందులో చిన్న మొన మాత్రం కనిపిస్తోంది.

"ఎవడో విరిచి పట్టుకుపోయాడు, దొంగ వెధవ!"

బకెట్‌తో వస్తున్న ఊడ్చే ఆవిడ మీద మొదటి అనుమానం పడింది.

"ఏమ్మా, ఆ బకెట్లో ఏముంది?"

"నీళ్లు బాబాయ్. మునిగి చూస్తావా?"

తొంగి చూశాడు. నీళ్లే. మరీ అంత శుభ్రంగా ఉన్నాయేమిటని ఇంకో అనుమానం. కానీ వెతకడానికి వ్యవధి లేదు. మామ కాపలాలో పన్ను పోయిందంటే కోడలి కొలువు నిలుస్తుందా? ముందే ఆమెకు చెబితే బెదిరిపోయి పిల్లలకు ఒక్క మాటా చెప్పలేకపోతుంది. వాష్‌రూమ్‌లోకి దూరి సబ్బుబిళ్ల పట్టుకొచ్చాడు. జేబుకత్తితో చెక్కి, నిచ్చెనెక్కి ఆ మొన మీద గుచ్చాడు. అచ్చం పన్నే! కాస్త గులాబీరంగు తేలింది. ఇన్ని మాంసాలు తిన్న నోటికి ఆమాత్రం రంగు అంటదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

అతను గేటు తీయడానికి వెళ్లగానే ఊడ్చే ఆవిడ, పెద్దసారు వచ్చేసరికి మెరవాలని, తడిగుడ్డతో ఆ దవడలు ఒకటికి రెండుసార్లు తుడిచింది.

పిల్లలొచ్చారు. పెద్దసారు వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కోడలు మొదలుపెట్టింది.

"చూడండి పిల్లలూ, దీని కళ్లు రెండూ ముందుకే ఉన్నాయి. రెండూ ఒకేదాని మీద నిలిపితే అదెంత దూరంలో ఉందో తెలిసిపోతుంది. ఇక ముక్కంటారా, కనిపించనిదాన్ని కూడా వాసన పట్టేస్తుంది. ఊరికే దూరాలు తరిమి అలసిపోకుండా, పొంచి ఉండి, దగ్గరికొచ్చాక మీద పడేదని అనుకుంటున్నారు. ఒక్క కొరుకు కొరికితే ఎముక పటుక్కుమనాల్సిందే! చచ్చిన జంతువు దొరికినా వదిలేది కాదు."

"అక్కా, మేమూ వాసన పట్టొచ్చా?" అంది ముందుపన్ను ఊడిన ఒక పాప.

"పట్టండి, చూద్దాం!"

ముక్కులన్నీ ఎగబీల్చాయి. "అక్కా! దీని నోరు గులాబీ వాసనొస్తోంది!"

అందరూ పైకి చూశారు. దవడ మీంచి బుడగలు బుడగలుగా తెల్లటి నురగ జారుతోంది.

"నురగ కక్కుతోందర్రా! బతికే ఉంది!"

సగంమంది పెద్దసారు వెనక్కి దూరారు. "ఏమిటమ్మా ఇది?" అన్నాడాయన. కోడలి మొహం పాలిపోయింది. "తెలీదండీ..."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, గుమ్మం దగ్గర మామయ్య చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు. పాప రెండు కళ్లూ అక్కడే నిలిచాయి.

"ఉష్! చప్పుడు చెయ్యకుండా రండి," అంది తోటిపిల్లలతో.

పాఠం అప్పుడే ఒంటబట్టింది. ముక్కులు ఎగబీలుస్తూ, రెప్ప వెయ్యకుండా, మునివేళ్ల మీద పిల్లలంతా చుట్టుముట్టారు. జన్మంతా లోకాన్ని అనుమానించిన మనిషి మీద ఇన్ని జతల కళ్లు అనుమానంగా వాలడం అదే మొదలు. వెనక్కి నడిచి నడిచి గోడకు గుద్దుకున్నాడు.

"తాత చేతులు కూడా అదే వాసన!"

"నేను తియ్యలేదర్రా! పెట్టానంతే!" అని మామయ్య భోరుమన్నాడు. పన్ను సంగతి, సబ్బు సంగతి పొల్లుపోకుండా కక్కేశాడు.

కోడలు తలపట్టుకుంది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. "అయ్యో మామయ్యగారూ! ఆ సందు కావాలనే పెట్టించారండీ. వీటికి ఒక పన్ను ఊడితే ఇంకోటి వస్తూనే ఉండేది, బతికినంతకాలమూ. ఆ మొన కొత్తగా వస్తున్న పన్ను! ఆఖర్న చూపిద్దామనుకున్నా."

"నాకూ వస్తోంది!" అని పాప నోరు తెరిచి తన మొన చూపించింది.

పెద్దసారు నురగ వేలితో తీసి వాసన చూశాడు. "మన సబ్బేనా ఇది?" అన్నాడు అనుమానంగా. ఆ తర్వాత కోడలి వైపు తిరిగాడు. "చెప్పిన కాసేపట్లోనే పిల్లల చేత వేటాడించేశావు. ఇక రోజూ నువ్వే చెప్పమ్మా. మామయ్యా, వాష్‌రూమ్ సబ్బుకు కాపలా కూడా ఇవాళ్టినుంచి నీదే."

ఊడ్చే ఆవిడ నురగ తుడవడానికి తడిగుడ్డతో నిచ్చెన ఎక్కబోయింది. ఇదంతా గుమ్మంలో నిలబడి చూస్తున్న, పిల్లల్ని తీసుకొచ్చిన బస్సు డ్రైవరు జాలిగా నిట్టూర్చాడు.

"ఎన్ని కోట్ల ఏళ్లకు పళ్లు తోముకుంటోందో పాపం! పుక్కిలించనివ్వమ్మా, తర్వాత తుడుద్దువుగాని."