టోకెన్ నంబరు 48,213

ఆ రోజు పొద్దున అక్క అనుకున్నది చాలా చిన్న పని. తొమ్మిదికి తలుపులు తీయడం, పదికి మొదటి పన్ను చూడడం. పెద్దాసుపత్రి ఉద్యోగం మానుకుని సొంతంగా పళ్ళ క్లినిక్ పెట్టింది. జనం రాకపోతే తల దించుకుని మళ్ళీ ఆ ఉద్యోగానికే వెళ్ళాలి. టోకెన్ల ప్రోగ్రాము మాత్రం తమ్ముడు రాశాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తొమ్మిదింబావుకి బుగ్గ వాచిన పెద్దాయన ఒకరు చీటీ తీసుకున్నారు. గోడమీది బోర్డు వెలిగింది: 48,213.

కౌంటరు దగ్గరున్న తమ్ముడు గబగబా లాప్‌టాప్ తెరిచాడు. "ఏంట్రా అది?" అంది అక్క పంటి బిగువున.

"లెక్క దాచుకునే వేరియబుల్‌కి మొదట్లో సున్నా పెట్టాలక్కా. ఎక్కడో మర్చిపోయాను. మెమరీలో అంతకుముందు ఏముంటే దానికే ఒకటి కలిపి చూపిస్తోంది."

"అంటే గిన్నె కడక్కుండానే పాలు పోశావన్నమాట! పదయ్యేలోగా కడిగెయ్. నా పరువు నీ చేతిలో ఉంది."

అతను లాప్‌టాప్ పట్టుకుని కౌంటరు కింద దూరాడు. లోపల విలువెంతో చూపించమని ఒక లైను చేర్చి నడిపాడు. లాప్‌టాప్ బుద్ధిగా 1 అంది. హమ్మయ్య అని ఆ లైను తీసేశాడు. అంకె మళ్ళీ వేలల్లోకి ఎగబాకింది! చూస్తే సాధువు, చూడకపోతే దయ్యం. పైన అడుగుల చప్పుడు, కుర్చీల రాపిడి, గుసగుసలు. జనం నవ్వుకుంటున్నారనుకుని ఇంకా ముడుచుకుపోయాడు.

పైన జరుగుతున్నది వేరు. బుగ్గాయన ఫోనులో వియ్యంకుణ్ణి తొందరపెడుతున్నారు. "బావగారూ, వెంటనే బయల్దేరండి. ఈ డాక్టరమ్మ దగ్గరికి ఇప్పటికే నలభై ఎనిమిది వేలమంది వచ్చారట! ఆలస్యమైతే చీటీ దొరకదు." అది విన్న పక్కావిడ చెల్లెల్ని పిలిచింది, చెల్లెలు తోడికోడల్ని పిలిచింది. ముప్పావుగంటలో హాలు నిండి వరస వీధిలోకి పాకింది.

పదికి రెండు నిమిషాలుందనగా తప్పు దొరికింది. తమ్ముడు సున్నా పెట్టి, ప్రోగ్రామును బోర్డుకెక్కించి, గెలిచినవాడిలా పైకి లేచాడు. బోర్డు మీద 1 వెలిగింది.

బుగ్గాయన బోర్డు వంక చూసి గతుక్కుమన్నారు. "అంటే ఇంతవరకూ ఒక్క పన్నూ పీకలేదా? మొదటివాణ్ణి నేనా? ముందు మీరు కానివ్వండి బావగారూ!"

"అబ్బే, మీ తర్వాతే నేను!" అంటూ బావగారు గుమ్మం దాటేశారు. ఐదు నిమిషాల్లో హాలులో కుర్చీలు తప్ప ఏమీ మిగల్లేదు.

అక్క గ్లౌజులు తొడుక్కుని బయటికొచ్చింది. "ఏం చేశావురా?"

"బాగుచేశానక్కా."

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకు దణ్ణం పెడతాను, ఇంకెప్పుడూ బాగుచెయ్యకు. ఇందాకటిదే పెట్టు."

తమ్ముడు సున్నా తీసేశాడు. ఈసారి బోర్డు 7 అంది. మెమరీలో మిగిలిపోయిన చెత్త చెప్పినట్టు వింటుందా?

మర్నాడు పొద్దున్నే అతను ఆ వేరియబుల్‌కు మరిచిపోకుండా మొదటి విలువ ఇచ్చాడు: నలభై ఎనిమిది వేల రెండు వందల పన్నెండు.